యువతులకు సుఖవ్యాధుల పరీక్ష: ప్రాథమిక వైద్యంలో ఎవరికి, ఎప్పుడు, ఎలా

అమీర్‌పేట ప్రాంతంలో కొత్తగా క్లినిక్ పెట్టుకున్న ఒక యువ డాక్టరు గారు అడిగిన ప్రశ్న ఇది. చుట్టుపక్కల హాస్టళ్లలో ఉండే కోచింగు విద్యార్థినులు, ఉద్యోగినులు మూత్రంలో మంట అనో, తెల్లబట్ట అనో, నెలసరి తప్పిందనో వస్తున్నారు. వారిలో ఎక్కువమందికి పెళ్లి కాలేదు. వీరికి సుఖవ్యాధుల పరీక్షలు చేయించాలా? చేయిస్తే ఏవి? ఆ మాట ఎలా ఎత్తాలి? ఏ లక్షణమూ లేనివారికి కూడా పరీక్ష చేయమని చెప్పే విదేశీ మార్గదర్శకాలు మన దగ్గర ఎంతవరకు వర్తిస్తాయి? హైదరాబాదులో చాలా ఏళ్లుగా కుటుంబ వైద్యం చేస్తున్న అనుభవంతో నాకు తెలిసినంత వివరంగా సమాధానం రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. పాతికేళ్లలోపు వయసుండి, శారీరక సంబంధం ఉన్న ప్రతి స్త్రీకి, పెళ్లయినా కాకపోయినా, లక్షణాలున్నా లేకపోయినా, కలయిక ద్వారా సోకే క్లమీడియా, గనేరియా అనే రెండు జబ్బుల పరీక్ష గురించి చెప్పి, ఆమె ఒప్పుకుంటే చేయించడం సబబే. అయితే ఆ పరీక్షకు విలువ వచ్చేది రెండు పనుల వల్ల. ఒకటి, పరీక్షకు ముందు ఆమెతో ఒంటరిగా మాట్లాడే అయిదు నిమిషాలు. రెండోది, ఫలితం ఆమె చేతికే చేరేలా ముందుగా చేసుకునే ఏర్పాటు. ఈ రెండూ కుదరనప్పుడు పరీక్ష రాసిన చీటీ ఆమెకు మేలు కంటే కీడే ఎక్కువ చేయవచ్చు.

లక్షణాలు లేనివారికి ఎందుకు అన్న దానికి జవాబు ఈ జబ్బుల తీరులోనే ఉంది. క్లమీడియా సోకిన స్త్రీలలో నూటికి డెబ్బైమందికి పైగా ఏ బాధా తెలియదు. గనేరియా పురుషుల్లో సాధారణంగా చీముతో, మంటతో బయటపడుతుంది గాని, స్త్రీలలో చాలాసార్లు అది కూడా నిశ్శబ్దంగానే ఉంటుంది. చిన్న వయసులో గర్భాశయ ముఖద్వారం మీద లోపలి పొర కొంత బయటికి వచ్చి ఉంటుంది. ఒకే వరుస కణాలతో ఉండే ఆ సున్నితమైన పొర ఈ క్రిములకు సులువుగా లొంగుతుంది. వయసు పెరిగేకొద్దీ ఆ భాగాన్ని మందమైన పొర కప్పేస్తుంది. ఇరవై ఏళ్ల అమ్మాయికి ముప్పై అయిదేళ్ల స్త్రీ కంటే ముప్పు ఎక్కువ కావడానికి ప్రవర్తన ఒక్కటే కారణం కాదు, శరీర నిర్మాణం కూడా కారణమే. ఈ సంగతి డాక్టరు మనసులో గట్టిగా ఉంటే, అడిగే గొంతులో తీర్పు చెప్పే ధోరణి తగ్గుతుంది.

చికిత్స లేకుండా వదిలేస్తే క్రిములు గర్భాశయం దాటి, అండాన్ని గర్భాశయానికి చేర్చే ఫెలోపియన్ నాళాలకు ఎక్కి వాపు తెస్తాయి, దీన్నే కటివాపు అంటారు. ఆ వాపు కూడా కొన్నిసార్లు పెద్దగా నొప్పి లేకుండానే వచ్చి పోతుంది గాని, నాళాల లోపలి సన్నని కేశాలు దెబ్బతిని, గోడలు అతుక్కుపోతాయి. దాని ఫలితం ఏళ్ల తర్వాత తెలుస్తుంది. గర్భం రాకపోవచ్చు, వచ్చినా నాళంలోనే నిలిచి ప్రాణం మీదికి తేవచ్చు, లేదా పొత్తికడుపు నొప్పి వదలకుండా పట్టుకోవచ్చు. మన దేశంలో నాళాలు మూసుకుపోవడానికి క్షయ కూడా ఒక ముఖ్య కారణం. కాబట్టి సంతానం కోసం వచ్చిన ప్రతి స్త్రీ నాళాల సమస్యనూ సుఖవ్యాధికి అంటగట్టకూడదు.

ఇక మార్గదర్శకాల సంగతి. అమెరికా నివారణ సేవల కార్యదళం 2021లో చేసిన సిఫారసు ప్రకారం, 24 ఏళ్లు, అంతకంటే తక్కువ వయసుండి లైంగిక జీవితం ఉన్న స్త్రీలందరికీ, ఆ వయసు దాటినవారిలో ముప్పు ఎక్కువ ఉన్నవారికీ ఈ రెండు పరీక్షలు చేయాలి. దీనికి బలమిచ్చిన పాత అధ్యయనం 1996లో సియాటిల్ నుంచి వెలువడింది. ముప్పు ఎక్కువ ఉన్న యువతులను వెదికి పరీక్షించి చికిత్స చేస్తే కటివాపు జబ్బు సగానికి పైగా తగ్గిందని అది చూపింది. తర్వాతి అధ్యయనాలు అంత స్పష్టంగా లేవు. 2010లో లండన్ విద్యార్థినుల మీద వెలువడిన అధ్యయనంలో, మొదట క్లమీడియా ఉండి చికిత్స అందని వారిలో 9.5 శాతం మందికి ఏడాదిలోగా కటివాపు వచ్చింది, చికిత్స పొందినవారిలో 1.6 శాతం మందికే వచ్చింది. కానీ అదే అధ్యయనంలో కటివాపు వచ్చినవారిలో ఎక్కువమంది మొదటి పరీక్షలో నెగెటివ్ వచ్చినవారే. అంటే ఒకసారి పరీక్ష చేసి ఫైలు మూసేయడం వల్ల పెద్దగా ఒరిగేది లేదు. భాగస్వామి మారినప్పుడు మళ్లీ పరీక్ష అవసరమవుతుంది. ఆస్ట్రేలియాలో సాధారణ వైద్యుల క్లినిక్కుల్లో పరీక్షలు పెంచి చూసిన అధ్యయనం 2018లో వచ్చింది. పరీక్షలు పెరిగినంత మాత్రాన సమాజంలో క్లమీడియా వ్యాప్తి చెప్పుకోదగినంత తగ్గలేదని తేలింది. ఇంగ్లండు కూడా 2003లో మొదలుపెట్టిన తన జాతీయ కార్యక్రమపు లక్ష్యాన్ని 2021లో మార్చుకుంది. జబ్బు వ్యాప్తిని అరికట్టడం కాకుండా, చికిత్స లేని క్లమీడియా వల్ల స్త్రీకి జరిగే హానిని తగ్గించడం ఇప్పుడు అక్కడ ముఖ్యోద్దేశం.

వీటన్నిటినీ కలిపి చూస్తే నాకు అర్థమయ్యేది ఒకటే. ఈ పరీక్షతో నగరంలో జబ్బును తుడిచిపెట్టలేం గాని, మీ ఎదుట కూర్చున్న అమ్మాయి నాళాలను కాపాడగలం. ప్రాథమిక వైద్యుడికి అది చాలినంత కారణం.

మన దేశంలో లక్షణాలు లేనివారికి క్లమీడియా పరీక్ష చేసే జాతీయ కార్యక్రమం లేదు. ప్రభుత్వ వ్యవస్థ చాలాకాలంగా లక్షణాలను బట్టి చికిత్స చేసే పద్ధతి మీద నడుస్తోంది. సుఖవ్యాధులకు ప్రభుత్వం నడిపే సురక్షా క్లినిక్కుల్లో రంగు రంగుల మందుల కిట్లు మీరు చూసే ఉంటారు. గర్భాశయ ముఖద్వారపు వాపుకు, పురుషుల్లో మూత్రనాళపు స్రావానికి బూడిద రంగు కిట్టు, తెల్లబట్టకు ఆకుపచ్చ కిట్టు ఇస్తారు. ల్యాబు లేని చోట ఆ పద్ధతి ఎంతోమందికి మేలు చేసింది, దాన్ని తక్కువ చేయను. కానీ ఏ లక్షణమూ లేని స్త్రీ ఆ పద్ధతిలో ఎప్పటికీ కనబడదు. తెల్లబట్టతో వచ్చిన స్త్రీలో దాని కారణం ఎక్కువసార్లు ఈస్టు అనే శిలీంధ్రమో, యోనిలోని సూక్ష్మజీవుల సమతుల్యం చెడడమో అవుతుంది గాని క్లమీడియా కాదు. కనుక తెల్లబట్టను సుఖవ్యాధికి గుర్తుగా పెట్టుకుంటే, జబ్బు లేనివారికి మందులు, జబ్బు ఉన్నవారికి తప్పుడు భరోసా దొరుకుతాయి.

అందరికీ గుడ్డిగా పరీక్ష రాయకూడదు అనడానికి ఒక చిన్న లెక్క చాలు. పరీక్ష ఎంత మంచిదైనా, జబ్బు లేని నూరుమందిలో ఒకరికి పొరపాటున పాజిటివ్ చూపిస్తుందనుకుందాం. వెయ్యిమందిలో పదిమందికే జబ్బు ఉన్న సమూహంలో ఆ పదిమందితో పాటు ఇంకో పదిమందికి తప్పుడు పాజిటివ్ వస్తుంది. అంటే మీరు పాజిటివ్ అని చెప్పే ఇద్దరిలో ఒకరికి జబ్బే లేదు. అదే వెయ్యిమందిలో నూరుమందికి జబ్బు ఉన్న సమూహంలో తప్పుడు పాజిటివ్‌లు తొమ్మిదే. మన సమాజంలో ఒక తప్పుడు పాజిటివ్ నిశ్చితార్థాన్ని చెడగొట్టగలదు, కాపురాన్ని కూల్చగలదు. అందుకే పరీక్ష ఎవరికి అన్నది యంత్రం కాదు, సంభాషణ తేల్చాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మన ఓపీల్లో ఈ సంభాషణ స్థానంలో నడిచేది ఒకే ఒక్క ప్రశ్న: పెళ్లయిందా? కాలేదంటే గర్భం, సుఖవ్యాధుల ఆలోచన అక్కడితో ఆగిపోతుంది. అయిందంటే ముప్పు లేదన్న ధీమా వస్తుంది. రెండూ తప్పే. పెళ్లి కానివారిలో కొందరికి శారీరక సంబంధం ఉంటుంది, ఆ ప్రశ్న వినగానే వారు నోరు మూసుకుంటారు. పెళ్లయిన ఇరవై రెండేళ్ల అమ్మాయికి భర్త ఒక్కడే భాగస్వామి కావచ్చు, కానీ ఆమె ముప్పును నిర్ణయించేది ఆమె ప్రవర్తన కాదు, అతని గతమూ వర్తమానమూ. నా దగ్గరికి వచ్చిన స్త్రీలలో పెళ్లికి ముందు గాని తర్వాత గాని మరెవరితోనూ సంబంధం లేక, భర్త నుంచే జబ్బు సోకినవారు తక్కువేమీ కాదు.

అడిగే తీరు గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే వైద్య కళాశాలల్లో దీన్ని తెలుగులో నేర్పరు. మొదట కారణం చెప్పాలి, తర్వాత అడగాలి. నేను సాధారణంగా ఇలా మొదలుపెడతాను: "ఈ వయసులో వచ్చే ఆడపిల్లలందరినీ నేను కొన్ని వ్యక్తిగత ప్రశ్నలు అడుగుతానమ్మా. మిమ్మల్ని అనుమానించి కాదు, సరైన వైద్యం చేయడానికే. చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పనక్కర్లేదు, దాని వల్ల మీ వైద్యం ఆగదు." ఆమె తలూపాక, "ఇప్పటివరకు ఎవరితోనైనా శారీరకంగా కలిశారా?" అని మామూలు గొంతుతో అడుగుతాను. అవునంటే "చివరిసారి ఎప్పుడు? ఈ ఏడాదిలో ఒక్కరితోనేనా, ఇంకెవరైనా ఉన్నారా? నిరోధ్ వాడుతున్నారా, అప్పుడప్పుడా, ఎప్పుడూనా? అవతలివారికి వేరే సంబంధాలు ఉన్నాయని మీకు ఎప్పుడైనా అనిపించిందా?" అన్నవి వరుసగా వస్తాయి. చివరగా తప్పనిసరిగా అడిగేది: "ఇది మీ ఇష్టంతోనే జరిగిందా? మీ మీద ఎవరైనా ఒత్తిడి తెచ్చారా?" ఈ ప్రశ్నకు కళ్లనీళ్లతో జవాబు వచ్చిన సందర్భాలు ఉన్నాయి. అప్పుడు పరీక్ష కంటే ముందు చేయవలసిన పనులు వేరే ఉంటాయి. 181 మహిళా సహాయ కేంద్రం, హింసకు గురైన స్త్రీలకు అండగా ఉండే హైదరాబాదులోని భరోసా కేంద్రం వివరాలు మీ బల్ల మీద సిద్ధంగా ఉండాలి.

బాయ్‌ఫ్రెండ్, అఫైర్ వంటి మాటలు ఆమె వాడితే వాడండి, మీరుగా వాడకండి. "తప్పు చేశారా?" అన్న మాట పొరపాటున కూడా రాకూడదు. కొందరు డాక్టర్లు "ఏమైనా తప్పు జరిగిందా అమ్మా?" అని మంచి మనసుతోనే అడుగుతారు. ఆ ప్రశ్నకు అవునని చెప్పే ధైర్యం ఏ అమ్మాయికి ఉంటుంది? పాతబస్తీలో ఉర్దూలోనో, హాస్టళ్లలో ఉండే ఉత్తరాది అమ్మాయిలతో హిందీలోనో అడగవలసి వచ్చినా పద్ధతి ఇదే. కారణం ముందు, ప్రశ్న తర్వాత, తీర్పు ఎక్కడా ఉండకూడదు.

తోడు వచ్చినవారు గదిలో ఉంటే ఈ సంభాషణ జరగదు. అమ్మ వెంట వస్తే ఆమెను బయటకు పంపడం అవమానంగా తోచకుండా చేయాలి. "మా క్లినిక్కులో పద్ధతి ఇదండీ, పెద్ద పిల్లలతో కొంతసేపు విడిగా మాట్లాడతాం" అని అందరికీ ఒకేలా చెప్పే అలవాటు పెట్టుకుంటే ఎవరూ నొచ్చుకోరు. బరువు, బీపీ చూసే గది వేరే ఉంటే నర్సు ఆ నెపంతో అమ్మాయిని తీసుకెళ్లవచ్చు. భర్త వెంట ఉన్నప్పుడు ఇది ఇంకా ముఖ్యం. గదికి తలుపు కాకుండా కర్ర స్టాండుకు కట్టిన తెర మాత్రమే ఉన్న క్లినిక్కుల్లో వరండాలో కూర్చున్నవారికి ప్రతి మాటా వినిపిస్తుంది. అటువంటి చోట ప్రశ్నలు కాగితం మీద రాసి ఇచ్చి, ఆమెను టిక్కు పెట్టమనండి. ఆ కాగితాన్ని తర్వాత ఆమె ఎదుటే చింపేయండి.

ఎవరిని అడగాలి అంటే, పాతికలోపు వచ్చినవారందరినీ ఏడాదికొకసారైనా అడగమంటాను. కొన్ని సందర్భాల్లో మాత్రం అడగకుండా పంపకూడదు. మెడికల్ షాపులో ఐ-పిల్ (కలయిక తర్వాత గర్భం రాకుండా వేసుకునే మాత్ర) కొని వేసుకున్న తర్వాత నెలసరి గతి తప్పిందని వచ్చిన అమ్మాయి శారీరక సంబంధం ఉన్నట్టు తానే చెప్పేసింది. ఆమెకు గర్భ పరీక్ష చేసి పంపేస్తే సగం పనే చేసినట్టు. మూత్రంలో మంట అని మాటిమాటికీ వస్తూ, మూత్రంలో చీముకణాలున్నా కల్చరులో (క్రిములను పెంచి చూసే పరీక్షలో) ఏమీ పెరగని స్త్రీ విషయంలో క్లమీడియాను తప్పక గుర్తు చేసుకోవాలి. ఇలాంటివారు షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్కులు నాలుగైదు రకాలు వాడి వస్తారు, అవి జబ్బును తగ్గించీ తగ్గించకుండా మరుగుపరుస్తాయి. కలయిక తర్వాత రక్తం కనిపించడం, నెలసరుల మధ్య చుక్కలు పడటం, కలయికలో లోపల నొప్పి, కొత్త భాగస్వామి, అవతలివారికి జబ్బు ఉందని తెలియడం కూడా అటువంటివే. గర్భం ఆపాలని వచ్చినవారికి, గర్భాశయంలో లూప్ వేయించుకునేవారికి అదే సందర్భంలో పరీక్ష చేయడం తెలివైన పని.

పొత్తికడుపు నొప్పి, జ్వరం ఉండి, లోపల పరీక్షలో గర్భాశయ ముఖద్వారాన్ని కదిపితే నొప్పి ఉంటే అది స్క్రీనింగ్ (లక్షణాలు లేనివారిలో జబ్బును వెదకడం) చేయవలసిన సందర్భం కాదు, జబ్బే. గర్భ పరీక్ష చేసి నాళంలో గర్భం లేదని తేల్చుకుని, నమూనా తీసుకుని, ఫలితం కోసం ఆగకుండా అదే రోజు కటివాపు చికిత్స మొదలుపెట్టాలి. పరిస్థితి తీవ్రంగా ఉంటే పెద్దాసుపత్రికి పంపాలి.

లక్షణాలు లేని అమ్మాయికి స్పెక్యులమ్ అనే పరికరం పెట్టి లోపల చూసే పరీక్ష అవసరం లేదు. ఈ ఒక్క మాట చెబితే సగంమంది భయం పోతుంది. క్లమీడియా, గనేరియాలకు ఇప్పుడు నమ్మదగినది జన్యుపదార్థాన్ని గుర్తించే పరీక్ష. కోవిడ్ కాలం నుంచి పి.సి.ఆర్. అంటే అందరికీ తెలుసు, ఇదీ ఆ కోవలోదే. స్త్రీలలో దీనికి అత్యుత్తమ నమూనా యోని స్వాబ్. ఆమె స్వయంగా తీసుకున్న స్వాబ్ డాక్టరు తీసుకున్నదానితో సమానంగా పనిచేస్తుంది. ల్యాబు ఇచ్చిన స్వాబును రెండంగుళాల లోతుకు పెట్టి, గోడలకు తగిలేలా ఇరవై, ముప్పై సెకన్ల పాటు నెమ్మదిగా తిప్పి, ఆ ల్యాబు గొట్టంలోనే వేసి మూత పెట్టాలి. మామూలు దూది పుల్లతో, మామూలు గొట్టంలో పంపితే పరీక్ష చెడుతుంది కాబట్టి ల్యాబు వారి కిట్టును ముందే తెప్పించుకోండి. దీనికి బాత్రూములో అయిదు నిమిషాలు చాలు.

స్వాబు ఇష్టపడనివారికి మూత్రం వాడవచ్చు. జబ్బును పట్టే శక్తి దానికి కొంచెం తక్కువైనా ఫరవాలేదు. కానీ ఇక్కడ మన ల్యాబుల్లో ఎప్పుడూ జరిగే పొరపాటు ఒకటుంది. మూత్ర పరీక్ష అనగానే డబ్బా ఇచ్చే అబ్బాయి అలవాటుగా "మొదట కొంచెం వదిలేసి మధ్యలోది పట్టండి" అంటాడు. కల్చరుకు అది సరైన మాట. పి.సి.ఆర్.కు మాత్రం సరిగ్గా ఆ వదిలేసిన మొదటి ధారే కావాలి, ఎందుకంటే మూత్రనాళపు గోడల మీది కణాలను కడిగి తెచ్చేది అదే. కనీసం గంటసేపు మూత్రానికి వెళ్లకుండా ఉండి, ముందు శుభ్రం చేసుకోకుండా, మొదటి ఇరవై, ముప్పై మిల్లీలీటర్లు పట్టాలి. రెండు పరీక్షలూ కావాలంటే రెండు డబ్బాలు ఇవ్వండి: మొదటి ధార ఒకదానిలో, మధ్యధార రెండోదానిలో. చీటీ మీద "మొదటి ధార" అని తెలుగులో పెద్దక్షరాలతో రాయండి. నేను దాన్ని ఎర్ర సిరాతో రాస్తాను.

కలయిక జరిగి రెండు వారాలు కాకపోతే నెగెటివ్ ఫలితాన్ని పూర్తిగా నమ్మకుండా, రెండు వారాల తర్వాత మరోసారి చేయాలి.

చేయించకూడనివి కూడా చెప్పాలి, ఎందుకంటే మన నగరంలో ప్యాకేజీల జోరు ఎక్కువ. క్లమీడియా ఐజీజీ, ఐజీఎమ్ అనే యాంటీబాడీ రక్తపరీక్షలు ఇప్పుడు జబ్బు ఉందో లేదో చెప్పలేవు. గర్భంలోని బిడ్డకు సోకగల కొన్ని జబ్బుల కోసం చేసే టార్చ్ పరీక్ష దీనికి పనికిరాదు. పుండు గాని పొక్కు గాని లేనివారికి హెర్పిస్ యాంటీబాడీ పరీక్ష వద్దు, దానిలో తప్పుడు పాజిటివ్‌లు ఎక్కువ, వచ్చిన పాజిటివ్‌తో చేయగలిగింది తక్కువ, మిగిలేది మనోవ్యథ. పది, పన్నెండు క్రిములను ఒకేసారి వెదికే పెద్ద ప్యానెళ్లు ఇప్పుడు విరివిగా అమ్ముతున్నారు. యూరియాప్లాస్మా, మైకోప్లాస్మా హోమినిస్ వంటివి ఆరోగ్యంగా ఉన్న స్త్రీలలో కూడా కనిపిస్తాయి. అవి కనిపించాయని నెలల తరబడి యాంటీబయాటిక్కులు వాడి, భర్తతో తగవులు పడి, చివరికి నా దగ్గరికి వచ్చినవారున్నారు. వారికి అసలు జబ్బే లేదు. ఈ వయసులో లక్షణాలు లేనివారికి హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు కారణమయ్యే వైరస్) పరీక్ష కూడా అక్కర్లేదు, ఆ వైరస్ చాలామందిలో దానంతటదే పోతుంది. ఆ డబ్బు హెచ్‌పీవీ టీకాకు పెట్టమని చెప్పండి. క్లమీడియా, గనేరియా రెండే ఉన్న చిన్న పరీక్ష కూడా ప్రైవేటు ల్యాబుల్లో చౌక కాదు, అందుకే ఉన్న డబ్బు సరైన చోట ఖర్చయ్యేలా చూడటం మన బాధ్యత.

హెచ్ఐవీ, సిఫిలిస్ పరీక్షలకు ఆ ఇబ్బంది లేదు. ప్రభుత్వ ఐసీటీసీ (హెచ్ఐవీ సలహా, పరీక్ష) కేంద్రాల్లో ఉచితంగా, కౌన్సెలింగుతో చేస్తారు. సందేహాలకు 1097 ఉచిత నంబరు ఉంది. 2017 హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం ఆమె సమ్మతి లేకుండా హెచ్ఐవీ పరీక్ష చేయకూడదు, ఫలితాన్ని గోప్యంగా ఉంచాలి. సర్జరీ ముందు పరీక్షల జాబితాలో చెప్పకుండా కలిపేసే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు, అది చట్టవిరుద్ధమని మీ సిబ్బందికి తెలియజేయండి. గర్భిణులకు మొదటి సందర్శనలోనే ఈ రెండూ చేయించడం మానవద్దు. చికిత్స లేని సిఫిలిస్ బిడ్డ ప్రాణం తీయగలదు, సకాలంలో వేసే పెన్సిలిన్ దాన్ని ఆపగలదు. హెపటైటిస్ బి టీకా పడిందో లేదో కూడా ఇదే సందర్భంలో అడిగేయండి.

ఇక ఫలితం చేరే దారి. మన నగరంలో ల్యాబు రిపోర్టులు ఇప్పుడు వాట్సాప్‌లో వస్తాయి. ఏ నంబరుకు? ఎప్పుడో ఇంటిల్లిపాదికీ రక్తపరీక్షలు చేయించినప్పుడు నమోదైన నంబరుకు. అది చాలాసార్లు తండ్రిదో అన్నదో అయి ఉంటుంది. హాస్టల్లో ఉండే ఒకమ్మాయి రిపోర్టు ఆమె కంటే ముందు ఊళ్లో ఉన్న తండ్రి ఫోనులో మోగిన సందర్భం నాకు తెలుసు. ఫలితం నెగెటివే, అయినా ఆ పరీక్ష పేరు చాలింది. ఆమె చదువు మానిపించి ఇంటికి తీసుకెళ్లారు. అందుకే చీటీ రాసే ముందే అడగాలి: "రిపోర్టు ఏ ఫోనుకు రావాలి? ఆ ఫోను మీరొక్కరే చూస్తారా? నేను ఫోన్ చేస్తే ఏ వేళకు చేయమంటారు? వేరేవాళ్లు ఎత్తితే ఏమని చెప్పమంటారు?" ల్యాబుకు చెప్పి పాత ఖాతాతో కలపకుండా కొత్తగా నమోదు చేయించండి, లేదా రిపోర్టు క్లినిక్కుకే వచ్చేలా చూడండి. ఫోనులో ఫలితం చెప్పకండి, రమ్మని మాత్రం చెప్పండి. మందుల చీటీ మీద జబ్బు పేరు రాయనక్కర్లేదు.

పాజిటివ్ వస్తే చెప్పే మొదటి మాట ఇది పూర్తిగా తగ్గే జబ్బు అని. గర్భం లేదని తేల్చుకుని క్లమీడియాకు డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. రోజుకు రెండుసార్లు ఏడు రోజులు ఇస్తాం. నిండు గ్లాసు నీళ్లతో, కూర్చుని వేసుకోవాలి, వేసుకున్న వెంటనే పడుకోకూడదు. ఐరన్, కాల్షియం మాత్రలు వాడుతుంటే కొన్ని గంటలు ఎడం పాటించాలి. గర్భిణులకు అజిత్రోమైసిన్ 1 గ్రాము ఒకే మోతాదు. గనేరియాకు సెఫ్ట్రియాక్సోన్ 500 మి.గ్రా. కండరంలో ఒక్క ఇంజెక్షన్. సిప్రోఫ్లాక్సాసిన్‌కు ఆ క్రిమి ఎప్పుడో లొంగడం మానేసింది, దాన్ని వాడకండి. మందు పూర్తయి, భాగస్వామి మందు కూడా పూర్తయి, ఏడు రోజులు గడిచేవరకు కలయిక వద్దు. ముప్పు ఏదీ లేదనిపించిన స్త్రీకి అనుకోకుండా పాజిటివ్ వస్తే, ఏమీ తేల్చి చెప్పకముందే కొత్త నమూనాతో మరోసారి చూడమంటాను. ముందు చెప్పిన లెక్క దానికి కారణం.

తర్వాత వచ్చే ప్రశ్న ప్రతిసారీ ఒకటే: "ఇది నాకు ఎవరి నుంచి వచ్చింది, ఎప్పుడు వచ్చింది?" పరీక్ష దానికి జవాబు చెప్పదు. చికిత్స లేకుండా క్లమీడియా ఏడాదికి పైగా కూడా నిశ్శబ్దంగా ఉండగలదు. ఇద్దరిలో ముందు పరీక్ష చేయించుకున్నది ఎవరైతే నింద వారి మీద పడటం మన ఇళ్లలో రివాజు, ఆ మొదటి మనిషి దాదాపు ఎప్పుడూ ఆడదే. అందుకే భార్య రిపోర్టు పట్టుకుని భర్తతో మాట్లాడవలసి వచ్చినప్పుడు నేను ఇలా చెబుతాను: "ఇది ఎప్పటిదో, ఎవరిదో ఏ పరీక్షా చెప్పలేదు. ఇద్దరికీ మందు వేస్తేనే ఇద్దరికీ తగ్గుతుంది." గత రెండు నెలల్లోని భాగస్వాములందరికీ చికిత్స అందాలి. కానీ అతనికి చెబితే కొడతాడని ఆమె భయపడితే ఆ భయాన్ని నమ్మండి. ఆమె అనుమతి లేకుండా మీరు ఫోన్ చేయకూడదు. ఆమెను మరోసారి రమ్మని, ఎలా చెప్పాలో, చెప్పాలో వద్దో కలిసి ఆలోచించండి. అతనే జ్వరమనో, మంట అనో మీ దగ్గరికి వచ్చేలా మార్గం దొరికిన సందర్భాలు ఉన్నాయి.

ఈస్టు వల్లనో, సూక్ష్మజీవుల సమతుల్యం చెడటం వల్లనో తెల్లబట్ట వచ్చినవారికి అది సుఖవ్యాధి కాదని, భర్త తప్పు గాని తమ తప్పు గాని లేదని స్పష్టంగా చెప్పాలి. ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి అయితే అది కలయిక ద్వారా వచ్చేదే, ఇద్దరికీ మందు కావాలి.

పద్దెనిమిదేళ్లలోపువారి విషయం వేరు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ప్రకారం ఆ వయసులో జరిగిన లైంగిక చర్య గురించి తెలిసినవారు పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి, డాక్టరుకు మినహాయింపు లేదు. గర్భస్రావం కోసం వచ్చిన మైనరు, ఆమె సంరక్షకుడు కోరితే ఆమె పేరు, వివరాలు ఆ సమాచారంలో వెల్లడించనక్కర్లేదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి పదిహేడేళ్ల అమ్మాయిని అడిగే ముందే, "మీరు చెప్పేది గోప్యంగా ఉంచుతాను, కానీ పద్దెనిమిది నిండనివారి విషయంలో కొన్ని సంగతులు చట్టప్రకారం చెప్పక తప్పదు" అని తెలియజేయాలి. ఆమె మాట బయటపడ్డాక ఆ సంగతి చెప్పడం నమ్మకద్రోహం అవుతుంది. చట్టం ఏదైనా చికిత్స మాత్రం ఆపకూడదు.

చికిత్స పూర్తయ్యాక వెంటనే మళ్లీ పరీక్ష చేయకండి. నాలుగు వారాలలోపు చేస్తే చనిపోయిన క్రిముల జన్యుపదార్థమే పాజిటివ్ చూపవచ్చు. గర్భిణులకు నాలుగు వారాలకు ఒకసారి చూసి తగ్గిందని నిర్ధారించుకోవాలి. గర్భిణులతో సహా అందరికీ మూడు నెలలకు మళ్లీ చేయాలి, ఎందుకంటే చికిత్స అందని భాగస్వామి నుంచి తిరిగి సోకడం చాలా ఎక్కువ. ఆ మూడు నెలల తేదీని ఆమె వెళ్లేముందే నిర్ణయించి, ఆమె ఒప్పుకుంటే ఆమె ఫోనులోనే ఆమె చేత "డాక్టరు" అన్న ఒక్క మాటతో రిమైండరు పెట్టించండి. హాస్టలు మారినా, ఉద్యోగం మారి గచ్చిబౌలి వైపు వెళ్లిపోయినా అక్కడ చూపించుకునేలా మందుల పేర్లు, తేదీలు ఉన్న చిన్న చీటీ విడిగా ఇవ్వండి.